చిల్లుకాణీ వెతుక్కుంటూ నెల్లూరికి

నాణేల ప్రదర్శనకు వెళ్లేవాడి సంచిలో మూడు వస్తువులు ఉండి తీరాలి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు దాకా తూచే జేబు కాటా, దారానికి కట్టిన చిన్న అయస్కాంతం. ఒంగోలు స్టేషన్లోనే మిత్రుడి సంచి విప్పించి చూశాను. కాటా ఉంది, బ్యాటరీ లేదు. ప్లాట్‌ఫారం మీద దొరికింది కాబట్టి సరిపోయింది.

సింగరాయకొండ, కావలి, బిట్రగుంట దాటాక పెన్న వంతెన వచ్చిందంటే లేచి తలుపు దగ్గరికి నడవొచ్చు. అవతలి గట్టునే నెల్లూరు. ప్రదర్శన ఒక కల్యాణ మండపంలో. తలుపులు తీసే వేళకే చేరుకోవాలి, మంచి సరుకు మొదటి గంటలోనే చేతులు మారుతుంది.

ఎక్కువసేపు నిలబడింది వెండి రూపాయల బల్ల దగ్గర. విక్టోరియా కాలం నుంచి 1939 దాకా రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అరిగినదైతే ఓ పది, ఇరవై పాయింట్లు (గ్రాములో వందో వంతులు) తగ్గుతుంది. పది గ్రాములే తూగితే బేరం కూడా ఆడనక్కర్లేదు. 1940 నుంచి 1945 దాకా వెండి సగమే. ఆ ఏళ్ల రూపాయిని పాత లెక్కన వెండి ధర కట్టి కొంటే నష్టపోయేది మనమే.

బొమ్మ వైపు తర్వాత చూడొచ్చు, ముందు అంచు చూడాలి. అచ్చు కొట్టిన నాణేనికి అంచు గీతలు చుట్టూ ఒకే లోతున ఉంటాయి. పోతపోసిన నకిలీకి రెండు అచ్చుసగాలు కలిసినచోట సన్నని అతుకు కనిపిస్తుంది, లేదా ఆ అతుకును ఆకురాయితో రాసిన జాడ ఉంటుంది. బొమ్మ మీద సూదిమొనంత గుంటలు కనిపించినా అది పోతపోసిందే.

మిత్రుడు 1947 పులి రూపాయికి అయస్కాంతం చూపించాడు. టక్కున అతుక్కుంది. "నకిలీ రా ఇది" అన్నాడు. కాదు. 1947 రూపాయి నికెల్‌ది, అతుక్కోకపోతేనే అనుమానించాలి. వెండి అతుక్కోదన్నది నిజమే గానీ రాగి, ఇత్తడి కూడా అతుక్కోవు. అయస్కాంతం ఇనుమును పట్టిస్తుంది, వెండికి హామీ ఇవ్వదు.

1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లుకాణీల కోసం ఖరీదైన అల్మరాల వైపు వెళ్లనక్కర్లేదు. రాసిపోసిన పెట్టెలో ఉంటాయి. యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం నడిమధ్య చిల్లు పెట్టారు. కాణీ అంటే రూపాయిలో 64వ వంతు, బరువు రెండు గ్రాములు. అరిగిపోయినదానికి వందలు అడిగితే పక్క బల్లకు జరగడమే. చింతపండు పెట్టి తోమి మెరిపించినవీ వద్దు, రాగి మీద కాలం కట్టిన గోధుమరంగు పొర పోతే విలువా పోయినట్టే.

ఒకచోట 1818 అని ఉన్న రాములవారి పట్టాభిషేకం అణాలు పెట్టారు. వేలల్లో ధర. ఈస్టిండియా కంపెనీ అలాంటి అణా ఎన్నడూ వేయలేదు. రైస్ పుల్లింగ్ పేరుతో, బియ్యపు గింజల్ని లాక్కునే మహిమ ఉందని నమ్మించి, మోసం చేసేవాళ్ల చేతుల్లో తిరిగేవీ ఇవే. కంపెనీ దేవుడి బొమ్మే వేయలేదని కాదు, మద్రాసు వరహా మీద విష్ణుమూర్తి ఉన్నాడు. 'డబ్బు' అనే రాగి నాణెం మీదైతే తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి.

నెల్లూరు గడ్డకు ఇంకా పాత కథ ఉంది. 1786లో ఈ ఊరి దగ్గర పొలం దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలి, దాని కింద కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి, ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలంవి. ఇవాళ దొరికితే 1878 నాటి నిధి చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. కాబట్టి "మా పొలంలో దొరికింది" అని ఎవరైనా రోమన్ నాణెం చూపిస్తే, నిజమైతే చట్టంతో చిక్కు, నకిలీ అయితే నష్టం, రెండు రకాలుగానూ దూరంగా ఉండాలి.

చేపల పులుసు భోజనం అయ్యాక ట్రంకు రోడ్డు వైపు పాత పుస్తకాల కొట్టుకు వెళ్లాం. నాణేల కేటలాగు పాతదైనా కొనొచ్చు. ధరలు మారతాయి, బరువులూ కొలతలూ మారవు. డెమ్మీ సైజు పుస్తకానికి ఫారం (ఒక షీటు మడిచి కుట్టిన కట్ట) అంటే 16 పేజీలు. 16-17, 32-33 పేజీల మధ్య వరసగా తిప్పి చూస్తే ఫారం ఎగిరిపోయిందా, ఒకటే రెండుసార్లు కుట్టారా తెలిసిపోతుంది. మిత్రుడు ఎంచుకున్నదాంట్లో 49 నుంచి 64 దాకా లేవు. పేజీల మధ్య పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉండొచ్చు. అలాంటిది తప్పక కొనాల్సి వస్తే ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి వారం పది రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తీశాక సంచి విప్పకుండా ఒక రోజు ఆగాలి. లేకపోతే తేమ పడుతుంది.

కొన్న నాణేలను పీవీసీ కవర్లలో ఉంచకూడదు, కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. మైలార్ (పారదర్శకమైన పాలియెస్టర్ పొర) కిటికీ ఉన్న అట్టల్లో పెట్టి చుట్టూ స్టేపిల్ కొట్టాలి. పిన్నుల కొసలు పట్టకారుతో అణచకపోతే ఆల్బంలో పక్క నాణెం మీద గీత పడుతుంది. తిరుగు రైల్లో కావలి దాకా ఆ పనే సరిపోయింది.