జారింది భుజం, లేచింది ఎముక కాదు: ఏసీ జాయింట్ చదివిన తీరు

ఫలితాలు వచ్చాయి, ఫిజియోథెరపీ పరీక్ష పాసయ్యాను. ఇంకా రాయబోయే మిత్రుల కోసం ఇది. సిలబస్, మార్కుల లెక్క మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నా చదువును మలుపు తిప్పిన ఒక్క అంశం చెబుతాను: కాలర్‌బోన్ బయటి చివర, స్కాపులా (భుజం వెనక ఉండే రెక్క ఎముక) పై మొన అయిన అక్రోమియన్‌తో కలిసే చోట, అంటే ఏసీ జాయింట్‌లో, వచ్చే బెణుకు.

ఈ గాయానికి రాక్‌వుడ్ అనే సర్జన్ చెప్పిన ఆరు రకాలు అందరికీ కంఠతా వచ్చు. మొదటి రకంలో ఏసీ లిగమెంట్ (ఈ కీలును కట్టి ఉంచే పట్టీ) సాగుతుంది, రెండో దాంట్లో అది తెగుతుంది, మూడో దాంట్లో దానితో పాటు కాలర్‌బోన్‌ను స్కాపులాకు కట్టే కోనాయిడ్, ట్రపిజాయిడ్ లిగమెంట్లు కూడా తెగుతాయి. కానీ కేసు ప్రశ్న అడిగేది ఈ పట్టిక కాదు, దాని వెనక ఉన్న కారణం. అది నాకు క్లినిక్‌లో తెలిసింది. భుజం మొన మీద పడిన ఒక రోగికి పైన ఎముక మెట్టులా కనిపిస్తోంది. మా మేడమ్ ఆ మెట్టును ముట్టుకోలేదు. అతని మోచేతి కింద అరచెయ్యి పెట్టి, చేతి బరువును మెల్లగా పైకి ఎత్తారు. మెట్టు దాదాపు మాయమైంది!

అంటే కాలర్‌బోన్ పైకి లేవలేదు. దాన్ని పట్టుకునే లిగమెంట్లు తెగడంతో చేతి బరువుకు స్కాపులానే కిందికి జారింది. ఇది అర్థమయ్యాక చికిత్స అంతా దానంతట అదే వరుసలో పడింది. స్లింగ్ ఎందుకు? చేతి బరువు మోయడానికి. మొదటి రకానికి కొద్ది రోజులు, రెండో రకానికి ఒకటి రెండు వారాలు చాలు. చేతిని ఛాతీకి అడ్డంగా ఎందుకు లాగనివ్వం? ఆ కదలిక కీలును నొక్కుతుంది కాబట్టి. నొప్పి తగ్గాక సెర్రాటస్ యాంటీరియర్, కింది ట్రపీజియస్ కండరాల మీదే ఎందుకు పని? స్కాపులాను నిలబెట్టి తిప్పేవి అవే. మూడో రకానికి కూడా చాలామందిలో ముందు ఆపరేషన్ లేకుండానే ప్రయత్నిస్తారు. నాలుగు నుంచి ఆరు వరకు సాధారణంగా సర్జన్ చేతికే. ఆటకు ఎప్పుడు పంపాలని అడిగితే వారాలు లెక్కపెట్టి ఊరుకోకండి, నొప్పి లేని పూర్తి కదలిక, రెండో భుజంతో సమానమైన బలం వచ్చాయో లేదో చూడాలని రాయండి.

ఒక్క కీలు మీద ఇన్ని రోజులా అని స్నేహితులు విసుక్కున్నారు. నేను చేసింది సరైనదే. ఈ పద్ధతిలో చదివాక మోకాలు, చీలమండ సగం కాలంలో అయిపోయాయి. న్యూరో, కార్డియో పాత ప్రశ్నపత్రాలతో ముగించాను, ఎలక్ట్రోథెరపీకి సొంత నోట్సు. రోజూ ఒక కేసు కాగితం మీద రాయండి, అలసటగా ఉన్న రోజు కూడా. చదివేశాం అనుకోవడం వేరు, పెన్ను పట్టుకుని కారణం రాయగలగడం వేరు.

వైవాకు (మౌఖిక పరీక్షకు) ఏసీ నొప్పికీ రొటేటర్ కఫ్ (భుజం కీలు చుట్టూ ఉండే కండరాల గుంపు) నొప్పికీ తేడా సిద్ధం చేసుకోండి. కఫ్ నొప్పి చెయ్యి ఎత్తేటప్పుడు 60 నుంచి 120 డిగ్రీల మధ్య వస్తుంది, ఏసీ నొప్పి 120 దాటాక. రోగి కూడా ఒక్క వేలితో సరిగ్గా కీలు పైనే చూపిస్తాడు. నాలుగో రకంలో కాలర్‌బోన్ వెనక్కి పోతుంది కాబట్టి ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు, చంక వైపు నుంచి తీసినది కూడా కావాలని చెప్పండి. నన్ను చివరగా అడిగింది అదే.