మొదటి రీఫ్ ట్యాంక్: నీళ్లు కుదిరాకే చేప, చేప కుదిరాకే పగడం

రీఫ్ ట్యాంక్, అంటే ఉప్పునీళ్లలో సముద్రపు చేపల్నీ పగడాల్నీ పెంచే అద్దాల తొట్టి, పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ లైటు కొనాలని. నన్నడిగితే కొనాల్సిన వాటిలో లైటు చివరిది. కొత్త ట్యాంకులో ప్రాణులు పోయేది ఎక్కువగా ఉప్పు శాతం ఊగిసలాడటం వల్ల, వేడి ఊగిసలాడటం వల్ల, తొందర వల్ల. పగడాలు 34 పీపీటీకి (వెయ్యి పాళ్ల నీళ్లలో 34 పాళ్ల ఉప్పు) అలవాటు పడతాయి, 36కీ పడతాయి. ఇవాళ 34, రేపు 36 అంటేనే ముడుచుకుపోతాయి.

అందుకే మొదటిసారికి 150 నుంచి 250 లీటర్ల మధ్య ట్యాంకు మేలు. చిన్నదైతే సులువనుకుంటారు గానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఆవిరయ్యేవి నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. 30 లీటర్ల ట్యాంకులో రోజుకి ఒక లీటరు ఆవిరైతే 35 ఉన్న సెలినిటీ (ఉప్పు గాఢత) 36.2కి చేరుతుంది. 200 లీటర్లలో మూడు లీటర్లు పోయినా 35.5 దగ్గరే ఆగుతుంది. లోతు 50 సెంటీమీటర్లు మించకపోతే అడుగున పని చేసుకోవడం తేలిక. రాళ్లు, ఇసుక, స్టాండుతో కలిపి 200 లీటర్ల ట్యాంకు 250 కిలోలు దాటుతుంది, తర్వాత జరపడం కుదరదు. ఖాళీగా ఉన్నప్పుడే రసమట్టం పెట్టి చూసుకోండి. కరెంటు వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి. వైరు వెంట జారే ఉప్పునీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, సాకెట్ దాకా పోవు.

ఇక నీళ్లు. కుళాయి నీళ్లలో ఫాస్ఫేటు, సిలికేటు, క్లోరిన్, ఒక్కోసారి రాగి కూడా ఉంటాయి. మొదటి మూడూ నాచుకీ చికాకుకీ దారితీస్తే, రాగి నత్తల్నీ రొయ్యల్నీ నేరుగా చంపుతుంది. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ కూడా దాటి, కరిగిన పదార్థాల్ని కొలిచే టీడీఎస్ మీటరు మీద సున్నా చూపించే నీళ్లే కావాలి. తాగే నీళ్ల ఆర్‌ఓ మెషిన్ దీనికి పనికిరాదు. అందులో డీఐ దశ ఉండదు, పైగా కొన్నింటిలో రుచి కోసం ఖనిజాలు తిరిగి కలుపుతారు. మీటరు 1 గానీ 2 గానీ చూపిస్తోందంటే రెసిన్ అయిపోవస్తోందని అర్థం, అప్పుడే మార్చేయండి.

ఉప్పంటే మెరైన్ సాల్ట్ మిక్స్, వంట ఉప్పు కాదు. బ్రాండుని బట్టి లీటరుకి 35 నుంచి 38 గ్రాములు పడుతుంది, అంటే 20 లీటర్లకి దాదాపు 720 గ్రాములు. ముందు నీళ్లు పోసి, పంపు తిరుగుతుండగా ఉప్పు కొద్దికొద్దిగా వేయాలి. ఉప్పు వేసి దాని మీద నీళ్లు పోస్తే అడుగున గాఢత ఒక్కసారిగా పెరిగి, కాల్షియం కార్బొనేటు తెల్లటి పొడిలా విడిపోతుంది. అది మళ్లీ కరగదు. నీళ్లు తేటగా ఉంటాయి, సెలినిటీ సరిగ్గానే చూపిస్తుంది, ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ల మోతాదు) మాత్రం తక్కువ ఉంటుంది. కారణం దొరక్క మనిషి వారాల తరబడి తల పట్టుకుంటాడు. మొట్టమొదటిసారి ట్యాంకులోనే కలుపుకోవచ్చు, లోపల ప్రాణి ఏదీ లేదు కాబట్టి. ఆ తర్వాత ఎప్పుడైనా విడి టబ్బులోనే.

సెలినిటీ కొలవడానికి, వెలుగు వంగే తీరును బట్టి ఉప్పు చెప్పే రిఫ్రాక్టోమీటర్ తీసుకోండి. లక్ష్యం 35 పీపీటీ, అంటే 25 డిగ్రీల దగ్గర స్పెసిఫిక్ గ్రావిటీ 1.026. దాన్ని మంచినీళ్లతో సున్నా చేసి వదిలేయకుండా, 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూడాలి. సున్నా దగ్గర ఒప్పుగా ఉన్న పరికరం 35 దగ్గర రెండు పాయింట్లు తప్పొచ్చు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ చవకే గానీ, ముల్లుకి ఒక గాలి బుడగ అంటుకుంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

రాళ్లు ఇసుక మీద కాదు, అడుగు గాజు మీదే నిలబెట్టి, తర్వాత చుట్టూ ఇసుక పోయండి. గోబీ చేపలు రాళ్ల కింద తవ్వుతాయి, ఇసుక మీద నిలిపిన గుట్ట ఒకరోజు కూలుతుంది. పది లీటర్లకి ఒక కిలో చొప్పున, బాగా రంధ్రాలున్న రాయి చాలు. గాజుకీ రాళ్లకీ మధ్య ఎనిమిది పది సెంటీమీటర్లు వదిలితే అద్దం గీకే అయస్కాంతం తిరుగుతుంది, నీళ్లూ ఆడతాయి. రాళ్ల జాయింట్లకి ఎపాక్సీ పుట్టీ, దాని పైనా కిందా జెల్ సూపర్ గ్లూ వాడండి. రెండూ కలిస్తేనే పట్టు. ప్రాణుల్లేని ఎండు రాయి, అంటే డ్రై రాక్‌తో పురుగూ పుట్రా రావు గానీ ట్యాంకు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. బ్యాక్టీరియా, చిన్న ప్రాణులు పట్టి ఉన్న లైవ్ రాక్‌తో త్వరగా కుదురుతుంది గానీ పగడాల్ని కుట్టే ఐప్టేసియా లాంటి అక్కర్లేని చుట్టాలు వెంట వస్తాయి. ఎక్కువ భాగం డ్రై రాక్, దానికి గుప్పెడు లైవ్ రాక్ ముక్కలు అన్నదే నా ఓటు. ఇసుక ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువులున్న అరగొనైట్ (సున్నపు ఇసుక), మూడు సెంటీమీటర్ల మందం. మరీ మెత్తనిదైతే, నీళ్లు తిప్పే వేవ్‌మేకర్ పంపు దాన్ని ఒక మూలకి ఊడ్చేస్తుంది.

సంప్ (ట్యాంకు కింద పెట్టే రెండో తొట్టి, నీళ్లు అందులోకి దిగి మళ్లీ పైకి వెళ్తాయి) ఉన్న ట్యాంకులో చేప వేయకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. అన్నీ తిరుగుతుండగా సంప్ నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు ప్లగ్గు పీకేసి, పక్కన నిలబడి సంప్‌ని చూడండి. ట్యాంకులో రిటర్న్ గొట్టం మూతి మునిగినంత మేరా నీళ్లు సైఫన్ అయి కిందికి వస్తాయి. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న ట్యాంకులో ఆ మూతి 5 సెంటీమీటర్లు మునిగి ఉంటే అది 20 లీటర్లు. సంప్‌లో అంత చోటు లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ నేల తడుస్తుంది. మూతిని నీటిమట్టానికి ఒక సెంటీమీటరు కిందే ఉంచండి, లేదా మట్టానికి సరిగ్గా కింద గొట్టానికి చిన్న చిల్లు పెట్టండి. చిల్లు బయటపడగానే గాలి పీల్చి సైఫన్ తెగుతుంది. అంతా దిగాక సంప్ ఎక్కడిదాకా నిండిందో, పంపు తిరిగేటప్పుడు మట్టం ఎక్కడుందో టేపు అంటించి గుర్తు పెట్టుకోండి. నాన్ రిటర్న్ వాల్వు పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. దాని మూత కింద ఒక బుల్లి నత్త దూరినా, సున్నం పేరుకున్నా కారుతుంది.

ఆవిరైన నీటి బదులు తనంతట తానే నీళ్లు నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టాల్సిందే. దాని డబ్బాలో ఉప్పు కలపని ఆర్‌ఓ డీఐ నీళ్లే ఉండాలి. డబ్బా పెద్దదైతే సౌకర్యం, కానీ సెన్సర్ ఇరుక్కుంటే అందులోదంతా ట్యాంకులోకి పోతుందని గుర్తుంచుకోండి. 200 లీటర్లలో 10 లీటర్ల మంచినీళ్లు పడితే 35 కాస్తా 33.3 అవుతుంది, ఇబ్బందే గానీ బతుకుతాయి. 40 లీటర్లు పడితే 29 అవుతుంది, పగడాలు తట్టుకోవు.

వేడి 25, 26 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటే చాలు. 200 వాట్ల హీటరు ఒకటి కాకుండా 100 వాట్లవి రెండు పెట్టండి. హీటరు పాడయ్యేటప్పుడు చాలాసార్లు ఆగిపోదు, ఆన్‌లోనే ఇరుక్కుంటుంది. ఒక్క 100 వాట్లది ట్యాంకును ఉడికించలేదు, రెండోది చెడినా మొదటిది కొంత కాస్తుంది. వేడి ఎక్కువైతే నీటి మీదికి ఫ్యాను పెట్టినా రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఆ మేరకు ఆవిరి పెరుగుతుంది. మూత గాజుది కాకుండా వల అయితే గాలి ఆడుతుంది, దూకే చేపలూ లోపలే ఉంటాయి. వేవ్‌మేకర్లు ఎదురెదురుగా రెండు, కలిపి గంటకి ట్యాంకు పరిమాణానికి 20 నుంచి 30 రెట్లు నీళ్లు తిప్పేవి చాలు.

చేపల మలినాల్లోని అమ్మోనియాని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో స్థిరపడటాన్నే సైకిల్ అంటారు. దానికి చేపను బలిపెట్టే రోజులు పోయాయి. లైటు ఆపేసి, అమ్మోనియం క్లోరైడుతో అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల పాళ్లకి రెండు) వచ్చేలా చేసి, సీసాలో దొరికే బ్యాక్టీరియా పోయండి. 4, 5 పీపీఎం దాటిస్తే బ్యాక్టీరియాయే మందగిస్తుంది, కాబట్టి ఎక్కువ వేస్తే త్వరగా అవుతుందనుకోకండి. కొన్నాళ్లకి అమ్మోనియా దిగి నైట్రైట్ లేస్తుంది. ఉప్పునీళ్లలో క్లోరైడు ఎక్కువ కాబట్టి నైట్రైట్ మంచినీటి చేపల్ని బాధించినట్టు ఇక్కడ బాధించదు. అయితే చాలా కిట్లు నైట్రైట్‌ని కూడా నైట్రేట్ కిందే చదువుతాయి, అందుకని అది పోయేదాకా నైట్రేట్ అంకెను నమ్మొద్దు. మళ్లీ 2 పీపీఎం వేసినప్పుడు 24 గంటల్లో అమ్మోనియా సున్నాకి వస్తే సైకిల్ పూర్తయినట్టు. మూడు నుంచి ఆరు వారాలు పట్టడం మామూలే.

లైటు వేసిన తర్వాత ట్యాంకు వికారంగా తయారవుతుంది, కంగారు పడొద్దు. ముందు ఇసుక మీద గోధుమరంగు పొడిలా డయాటమ్‌లనే సూక్ష్మ నాచు, తర్వాత పచ్చనాచు. ఇవి వస్తాయి, పోతాయి. భయపడాల్సింది డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులకి. పొద్దున ఇసుక శుభ్రంగా కనిపిస్తుంది, మధ్యాహ్నానికి గోధుమరంగు జిగురు తీగలు లేస్తాయి, తీగల కొసల్లో గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి. నైట్రేటూ ఫాస్ఫేటూ సున్నాకి పడిపోయిన ట్యాంకుల్లో ఇది ఎక్కువ, అంటే శుభ్రం మరీ ఎక్కువై తెచ్చుకున్న రోగం. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం ఉండనివ్వండి. కొత్త ట్యాంకులో ఫాస్ఫేటు పీల్చే ఫిల్టరు మీడియా జోలికి పోకండి. చేపల్ని పగడాల కంటే ముందు వేయమనేది కూడా ఇందుకే, మేతతో నీళ్లలో పోషకాలు చేరతాయి.

నాచు కంటికి కనబడ్డాకే నత్తలు. 200 లీటర్లకి ట్రోకస్ ఐదారు, సెరిత్ ఐదారు, ఇసుక కదిపే నస్సారియస్ మూడు నాలుగుతో మొదలుపెట్టండి. ట్రోకస్ బోర్లా పడితే తనే తిరగబడుతుంది, ఆస్ట్రేయా నత్త అలాగే చచ్చిపోతుంది. సన్యాసి పీతలు పెంకు కోసం నత్తల్ని చంపుతాయి, ఖాళీ పెంకులు వేసినా నేను పూచీ పడను.

చేపకి క్వారంటైన్ తప్పదు. క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి తెచ్చే తెల్లచుక్కలు కొన్ని రోజులకి మాయమవుతాయి, తగ్గిందనుకుంటారు. పరాన్నజీవి చేప నుంచి రాలి, ఇసుకలో పిల్లలు పెట్టుకుంటూ ఉంటుంది, రెండో విడత మొదటిదానికంటే ఘోరం. రాగి మందు పెద్ద ట్యాంకులో వేయలేం, నత్తలూ రొయ్యలూ పగడాలూ చచ్చిపోతాయి, రాళ్లు దాన్ని పీల్చుకుంటాయి. ఒకసారి లోపలికి వచ్చాక మిగిలే దారి చేపలన్నీ తీసి ట్యాంకును ఖాళీగా ఉంచడమే. దానికి ఎక్కువమంది పాటించే గడువు 76 రోజులు. దాని బదులు 40 లీటర్ల ఖాళీ ట్యాంకు, స్పాంజ్ ఫిల్టరు, హీటరు, దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు సిద్ధం చేసుకుని నాలుగు వారాలు ఓపిక పట్టడం నయం.

దూరం నుంచి సంచిలో వచ్చిన చేపను గంటల తరబడి చుక్కచుక్కగా అలవాటు చేయకండి. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోయి ఉంటుంది, అందువల్లే అందులోని అమ్మోనియా హాని చేయకుండా ఉంటుంది. సంచి విప్పగానే పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. మూసిన సంచిని 15 నిమిషాలు తేలనిచ్చి, విప్పి సెలినిటీ కొలిచి, క్వారంటైన్ నీళ్లను దానికి సరిపెట్టి, చేపను మాత్రమే తీసి వేయండి. 35కి రోజుల మీద పెంచుకోవచ్చు.

ట్యాంకులో పుట్టి పెరిగిన ఓసెల్లారిస్ క్లౌన్ చేపలు రెండు, సైజులో తేడా ఉన్నవి తీసుకోండి. క్లౌన్లన్నీ ముందు మగవే, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఫైర్‌ఫిష్, రాయల్ గ్రామా, వాచ్‌మన్ గోబీ బాగా కలుస్తాయి. సాధువైనవి ముందు, పొగరుబోతులు చివర. టాంగ్ చేపకి ఈ ట్యాంకు చాలదు. మాండరిన్ చేప కోపెపాడ్లు (రొయ్య జాతి బుల్లి పురుగులు) తప్ప మరొకటి తినడం అరుదు, కొత్త ట్యాంకులో ఆకలితో మాడుతుంది.

పగడాల్లో జోవాంతిడ్లు, మష్రూములు, డంకన్, ఆ తర్వాత హ్యామర్. రాతి పగడాలు (సున్నపు అస్థిపంజరం కట్టేవి) అరుదైన ప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నవి కాబట్టి, పెంచిన పగడాల నుంచి తుంచిన ముక్కలే (ఫ్రాగ్‌లు) కొనండి. లోపలికి వేసేముందు పురుగుల్ని వదిలించే డిప్ మందులో ముంచి, వీలైతే ఫ్రాగ్ అంటించి వచ్చిన బిళ్లను విరగ్గొట్టి పారేయండి, పురుగుల గుడ్లు దాని అడుగునే ఉంటాయి. జోవాంతిడ్లని ముట్టేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో ఉండగల పాలిటాక్సిన్ విషం ప్రాణాంతకం, అవి ఉన్న రాయిని ఎప్పుడూ ఉడకబెట్టొద్దు, వేడినీళ్లతో కడగొద్దు. గ్రీన్ స్టార్ పాలిప్స్‌ని ఇసుక మధ్యలో విడి రాయి మీద పెట్టండి, లేకపోతే గుట్టంతా అవే కప్పేస్తాయి. హ్యామర్ చుట్టూ 15 సెంటీమీటర్లు వదలండి, రాత్రిపూట పొడుగు కుట్టే తీగలు చాస్తుంది.

రాతి పగడాలు పెరగడం మొదలైతే ముందు తగ్గేది ఆల్కలినిటీ. 1 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) ఖర్చయ్యేలోపు కాల్షియం ఏడు పీపీఎం దాకానే తగ్గుతుంది, మామూలుగా ఉండే 420లో అది కిట్టుకి దొరకదు. ఆల్కలినిటీకి 8 నుంచి 9 మధ్య ఒక అంకె ఎంచుకుని అక్కడే నిలపండి. వంట సోడా, బేకింగ్ పౌడర్ కాదు, 100 లీటర్లకి 3 గ్రాములు వేస్తే 1 డీకేహెచ్ పెరుగుతుంది. 200 లీటర్ల ట్యాంకులో రాళ్లు పోను నీళ్లు 170 లీటర్లే అనుకోండి, రోజుకి 0.3 తగ్గుతుంటే గ్రామున్నర సోడా చాలు. ఆర్‌ఓ డీఐ నీళ్లలో కరిగించి, పంపు ధాటి ఉన్నచోట మెల్లగా పోయాలి. ఎంత పడిపోయినా రోజుకి 1 కంటే ఎక్కువ ఎత్తొద్దు.

క్లౌన్లు తెచ్చిన మర్నాడే, సముద్రంలో అవి కాపురముండే కుట్టే తీగల ప్రాణి ఎనిమోన్ కావాలనిపిస్తుంది. కనీసం ఆరు నెలలు ఆగండి. నచ్చని చోట అది కుదురుగా ఉండదు, నడుచుకుంటూ వెళ్లి వేవ్‌మేకర్‌లో పడి ముక్కలవుతుంది, ఆ ఒక్క రాత్రిలో నీళ్లన్నీ చెడతాయి. తెచ్చేముందు వేవ్‌మేకర్లకి స్పాంజ్ గార్డులు తొడగండి. ఈలోగా క్లౌన్లకి లోటేమీ లేదు, హ్యామర్‌లోనో, అదీ లేకపోతే హీటరు మూలలోనో కాపురం పెట్టేస్తాయి.