లక్ష్మి, కె. ఎన్. అంటే నేనే

ప్రమోషన్ ఫారం నింపుతూ ఏడో కాలమ్ దగ్గర ఆగిపోయాను. ప్రచురణల వివరాలు డేటాబేస్‌లో ఉన్నవి ఉన్నట్టు రాయాలట. నేను రాసిన పరిశోధనా పేపర్లు 13. తెరిచి చూస్తే నా పేరు కింద 8, ఇంకో 'నా' పేరు కింద 5, ఒకటి అసలు అజాపజా లేదు. పైగా ఆ ఎనిమిదిలో ఒకటి వరిలో దోమపోటు గురించి! పదిహేనేళ్ళుగా హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ తప్ప ఇంకోటి ముట్టుకోని దాన్ని. దోమపోటుకి ఏం కొట్టాలో మావయ్యకి తెలుసు గానీ నాకేం తెలుసు?

తప్పంతా ఇంటిపేరుది. మనకి అది ముందు ఉంటుంది, ఇంగ్లీషు వాళ్ళకి చివర. మొదటి పేపర్లో కె. ఎన్. లక్ష్మి అని వేసుకున్నాను. పిహెచ్‌డీలో నాగలక్ష్మి కె. అయ్యాను. పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలని ఎవరో చెబితే వి. నాగలక్ష్మి. కంప్యూటర్ చివరి మాటే ఇంటిపేరనుకుంటుంది కదా, అలా నా ఇంటిపేరు 'లక్ష్మి' అయి కూర్చుంది. లక్ష్మి, కె. అని వెతికితే మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది తేలతారో మీరే ఊహించుకోండి.

మా రంగంలో అందరూ తిరగేసే పేపరొకటి ఉంది. 1991లో లాస్ అలమోస్ నుంచి స్ప్రింగర్, జావొడ్జిన్‌స్కీ, గాటెస్‌ఫెల్డ్ రాసింది. ఆ ముగ్గురి అసలు పేర్లు నాకు చాలా ఏళ్ళు తెలీనే తెలీదు, ఇంటిపేర్లతోనే పని జరిగిపోయేది. అందులో చెప్పింది నీటి లెక్క. సెల్ మధ్యలో ఉండే నాఫియాన్ అనే పల్చటి ప్లాస్టిక్ పొరలో నీళ్ళుంటేనే ప్రోటాన్ కదులుతుంది. ఆవిరితో నిండిన గాలిలో ఆ పొరలో ప్రోటాన్‌ని చేరవేసే ఒక్కో సల్ఫోనిక్ ఆమ్ల గుంపు చుట్టూ 14 నీటి అణువుల దాకా చేరతాయి. అవి తగ్గేకొద్దీ పొర కరెంటుని అడ్డుకుంటుంది. అలాగని నీళ్ళు మరీ ఎక్కువైతే ఆక్సిజన్ వచ్చే దారి మూసుకుపోతుంది.

ఇది మావయ్యకి చెబితే, "కల్లంలో మిరపకాయ లాగే కదమ్మాయ్. తడి మిగిలితే బూజు, మరీ ఎండితే గలగలా ముక్కలు" అన్నారు. నా క్లాసులో పిల్లలకి ఇది అర్థం కావడానికి రెండు పీరియడ్లు పడుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పేపరుకి పట్టిన గతి చెప్పాలి. లెక్క ప్రకారం ఒక సెల్ 1.23 వోల్టులివ్వాలి, లోడ్ పెడితే 0.6, 0.7 దగ్గర నిలబడుతుంది. నాది డిసెంబర్‌లో అక్కడా నిలవలేదు. పడేది, లేచేది, మళ్ళీ పడేది. మేలో అదే సెట్టింగు, అదే సెల్, నిక్షేపంగా నడిచింది. పొర మార్చాను, గ్రాఫైట్ పలకలు విప్పి కడిగాను, బోల్టులు టార్క్ రెంచితో మళ్ళీ బిగించాను. రెండు నెలలు పోయాక తేలిందేంటంటే, గ్యాసుకి తడి పట్టించే హ్యుమిడిఫయర్ సీసా నుంచి సెల్‌కి వెళ్ళే జానెడు గొట్టం చలికి చల్లబడి, లోపలి ఆవిరి నీళ్ళై సెల్లోకి కారుతోంది. గుంటూరు చలికే ఇంత! గొట్టానికి హీటింగ్ టేపు చుట్టాను, అంతటితో సరి. పేపర్లో దాని గురించి ఉన్నది ఒకే వాక్యం: గ్యాస్ గొట్టాలను వేడిగా ఉంచాము. ఆ పేపరుకి సైటేషన్లు, అంటే వేరేవాళ్ళు తమ పేపర్లలో దాన్ని ఉదహరించినవి, మూడు. లాక్‌డౌన్‌లో బ్రాడీపేట ఇంట్లో కూర్చుని, బోల్టు కూడా ముట్టుకోకుండా, వేరేవాళ్ళ పేపర్లని సమీక్షిస్తూ రాసిన రివ్యూకి మాత్రం నా మిగతావన్నీ కలిపినా రానన్ని వచ్చాయి. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఫారంలో దాన్నే పైన పెట్టాను.

నా తిప్పలు విని మావయ్య నవ్వారు. పాసుపుస్తకంలో ఆయన పేరులో ఒక్క దీర్ఘం ఎగిరిపోతే, అది సరిచేయించుకోవడానికి ఏడాదిన్నర ఒక ఆఫీసు చుట్టూ తిరిగారు. "నీకు నయం, కూర్చున్న చోటి నుంచే అర్జీ పెట్టుకుంటున్నావు" అన్నారు. నిజమే. ఇప్పుడు పరిశోధకులకి ఆర్కిడ్ అనే 16 అంకెల నంబరుంది, 2012లో మొదలైంది. పేరు ఎన్ని రకాలుగా మారినా నంబరు మారదు. మొదటి పేపరు పంపే ముందే అది తీసుకోండి, పేరు ఎలా రాయాలో కూడా ఆ రోజే తేల్చుకోండి అని నా దగ్గర ప్రాజెక్టు చేసే పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను.

రెండు ఖాతాలూ కలపమని అర్జీ పెట్టాను. పది రోజులకి కలిశాయి. హెచ్-ఇండెక్స్, అంటే కనీసం ఏడేసి సైటేషన్లున్న పేపర్లు ఏడుంటే 7, నాకు సరిగ్గా 7 చూపించింది. అందులో ఒకటి దోమపోటుది. అది తీసేస్తే 6.

ఉంచేద్దామా అని ఒక్క రాత్రి అనిపించిన మాట నిజం. పొద్దున కాఫీ దగ్గర అంటే మావయ్య పేపర్ మీంచి తల కూడా ఎత్తలేదు. "ఎవరి పొలమో మన పుస్తకంలో పడితే రేపు సర్వే రోజున మనకే తలనొప్పి."

తీసేయమని ఇంకో అర్జీ పెట్టాను. అజాపజా లేని ఆ పదమూడో పేపరు మాత్రం ఇంకా దొరకలేదు.