చివరగా కోలుకున్నవి నా కళ్లు

నా కేసు కాగితం మీద 'అనోరెక్సియా నెర్వోసా' అని, అంటే లావైపోతానన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు అని, రాసేనాటికి నేను ఇరవైల్లో ఉన్న మగవాణ్ణి. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. అంతకుముందు నన్ను చూసిన వైద్యులు థైరాయిడ్ పరీక్ష చేయించారు, కడుపులోకి గొట్టం వేసి చూశారు, రక్తపరీక్షలు రాస్తూనే పోయారు. తినాలంటే భయం వేస్తోందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఇది ఆడపిల్లలకు వచ్చే జబ్బు అన్న నమ్మకం అంత గట్టిది. 1689లో రిచర్డ్ మోర్టన్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ జబ్బును పోలిన రెండు కేసులను వివరంగా రాశాడు. ఆ ఇద్దరిలో ఒకరు పదహారేళ్ల కుర్రాడు. అంటే మొదటినుంచీ మేమూ ఉన్నాం. అయినా అమెరికా మానసిక వైద్యులు వాడే నిర్వచనంలో నెలసరి ఆగిపోవడం ఒక ముఖ్య లక్షణంగా 2013 దాకా నిలిచింది. రోగి అనగానే ఎవరిని ఊహించుకున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఎంత బరువు తగ్గానో, ఏమేం మానేసి తగ్గానో ఇక్కడ రాయను. ఈ జబ్బులో ఉన్నవాళ్లకు అలాంటి అంకె కనబడితే దానితో పోటీ పడాలనిపిస్తుంది. పరుగుతో మొదలైంది, మెచ్చుకోళ్లతో పెరిగింది అంటే చాలు. "భలే తగ్గావు, ఏమిటి రహస్యం?" అని నన్ను అడిగినవాళ్లే కొన్నాళ్లకు అమ్మను పక్కకు పిలిచి "అబ్బాయికి ఒంట్లో బాగుందా?" అని అడగడం మొదలుపెట్టారు. నాకు మాత్రం మొదటి మాటే చెవుల్లో మోగుతూ ఉండేది.

పొద్దున కళ్లు తెరవగానే చేసే మొదటి పని మణికట్టు కొలుచుకోవడం. ఎడమ మణికట్టు చుట్టూ కుడిచేతి బొటనవేలు, నడిమివేలు చుట్టేవాణ్ణి. రెండు వేళ్లూ ఒకదానిమీద ఒకటి ఎంతవరకు ఎక్కుతున్నాయన్నదాన్ని బట్టి ఆ రోజు నాకు తినే అర్హత ఉందో లేదో తేలిపోయేది. తర్వాత మెడ కింది ఎముక తడుముకోవడం, తర్వాత బెల్టు. బస్సులో, ఆఫీసులో, ఎవరితోనైనా మాట్లాడుతుండగా కూడా బల్ల కింద నా వేళ్లు మణికట్టు మీదే ఉండేవి. చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి. లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మేవి. వీపు మీద పసిపిల్లలకు ఉన్నట్టు సన్నటి నూగు మొలిచింది. కొవ్వు కరిగిపోయిన ఒళ్లు వెచ్చదనం కోసం పడే తంటాల్లో అదొకటని తర్వాత తెలిసింది.

ఇంత జరుగుతున్నా అద్దంలో నా తొడలు లావుగానే కనిపించేవి. ఇది నటన కాదు, మొండితనం కాదు. అక్క ఒకసారి నన్ను అద్దం ముందు నిలబెట్టి, పక్కనే నిలబడి, ఏడుపు ఆపుకుంటూ అడిగింది: "నీకు కనిపిస్తున్నది నాకెందుకు కనిపించడం లేదురా?" నా దగ్గర జవాబు లేదు. నాకు కనిపిస్తున్నదే నేను చెబుతున్నాను.

చివరికి ఒక వైద్యురాలు నా నాడి పట్టుకుని, గడియారం చూసి, మళ్లీ పట్టుకుని చూశారు. గుండె అంత నెమ్మదిగా కొట్టుకోవడం పరుగు సాధన వల్ల వచ్చింది కాదని, అది ఉన్న శక్తిని పొదుపు చేసుకుంటోందని చెప్పి అప్పటికప్పుడు ఆస్పత్రిలో చేర్చారు. తిండి పెడితే చాలు కోలుకుంటాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. కానీ చాలాకాలం ఆకలితో ఉన్న మనిషికి ఒక్కసారిగా తిండి పెట్టడమే ప్రమాదం. తిండి పడి ఇన్సులిన్ పెరగగానే రక్తంలో ఉన్న ఫాస్ఫేటు అనే లవణం కణాల్లోకి వెళ్లిపోతుంది. రక్తంలో అది మరీ పడిపోతే గుండె, ఊపిరి రెండూ తడబడతాయి. అందుకే మొదట్లో కొంచెం కొంచెంగా పెంచుతూ, రోజూ రక్తం తీసి ఫాస్ఫేటు, పొటాషియం చూసేవారు. బరువు తూచేటప్పుడు యంత్రం వైపు వీపు పెట్టి నిలబడాలి. అంకె నాకు చెప్పేవారు కాదు. ఆ రోజుల్లో నేను నర్సుల మీద పెంచుకున్న కోపం తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వాళ్లు మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నా చూపు గురించి మొదటిసారి నాకు అనుమానం పుట్టించింది ఆ వైద్యురాలు చెప్పిన ఒక పాత ప్రయోగం. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధంలో చేరడానికి నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు దాదాపు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్లు బరువులో సుమారు పావువంతు కోల్పోయారు. గుండె వేగం తగ్గింది, చలి పట్టుకుంది, నలుగురిలోకి రావడం మానేశారు. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చునేవారు, పళ్లెంలో ఉన్న కాస్తా గంటల తరబడి తినేవారు. సన్నబడాలన్న కోరిక వాళ్లలో ఎవరికీ లేదు. నా ప్రత్యేకత అనుకున్నవి, నా మనోబలం అనుకున్నవి ఒకటొకటిగా వాళ్ల జాబితాలో వినిపిస్తుంటే కాళ్ల కింద నేల కదిలింది. అవి నా గుణాలు కావు, ఆకలి లక్షణాలు. ఆకలిగొన్న మెదడుతోనే నా తొడలను కూడా చూస్తున్నానా?

బరువు నిలకడగా పెరుగుతున్నప్పుడు థెరపిస్టు నా చేతికి ఒక తాడు ఇచ్చారు. "మీ తొడ చుట్టుకొలత ఎంత ఉంటుందో నేల మీద వలయం వేసి చూపించండి." వేశాను. ఆమె మరో రంగు తాడు నా తొడ చుట్టూ తిప్పి, కొలత గుర్తుపెట్టి, ఆ వలయాన్ని నేను వేసినదాని మధ్యలో పెట్టారు. రెండింటి మధ్య మూడు వేళ్లు దూరేంత ఎడం. తాడు బిగించి పట్టుకున్నారని వాదించాను. అయితే మీరే చుట్టుకోండి అన్నారు. చుట్టుకున్నాను. ఎడం అంతే ఉంది. చాలాసేపు ఆ నేల మీదే కూర్చుండిపోయాను.

తర్వాత అద్దం ముందు సాధన. తల నుంచి పాదాల దాకా నన్ను నేను చూసుకుంటూ, ఎదుట లేని చిత్రకారుడు విని బొమ్మ గీయగలిగేలా పైకి చెప్పాలి. లావు, అసహ్యం, వికారం లాంటి మాటలు వాడకూడదు. గీత, రంగు, వంపు, మచ్చ మాత్రమే చెప్పాలి. ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి ఉంది. మోకాలి కింద చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డ మచ్చ ఉంది. చెవి తమ్మె అచ్చం నాన్నదే. ఇవేవీ నేను ఏళ్ల తరబడి చూడలేదు. అద్దం ముందుకు రాగానే నా చూపు నేరుగా పొట్ట మీదికి, తొడల మీదికి పరుగెత్తి అక్కడే ఉండిపోయేది. మిగతా మనిషి ఉన్నాడన్న సంగతే మరిచిపోయాను. నీ శరీరాన్ని ప్రేమించు అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు ఆ మాట ఎన్నడూ పనికి రాలేదు. మొత్తం మనిషిని చూడటం నేర్పిన ఈ సాధనే పనికి వచ్చింది.

మణికట్టు అలవాటు పోగొట్టడం అన్నిటికంటే కష్టమైంది. కొలుచుకున్న ప్రతిసారీ భయం తగ్గుతుందనుకుంటాం, అది పెరుగుతుంది. కోరిక పుట్టినప్పుడు కాసేపు వాయిదా వేయడం, ఆ వాయిదాను పొడిగించడం, అంతే పద్ధతి. తిరిగి వచ్చే బరువు మొదట నడుము చుట్టూ చేరడం ఇంకో పరీక్ష. అది ఈ దశలో మామూలేనని, నెలలు గడిచేకొద్దీ సర్దుకుంటుందని ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే చుట్టాలు వచ్చి సంతోషంగా "హమ్మయ్య, కాస్త ఒళ్లు చేశావు!" అన్నారు. ఆ రాత్రి భోజనం నాకు యుద్ధమైంది. అక్క అందరికీ ఫోను చేసి, వాడి ఒంటి గురించి మంచీ వద్దు చెడూ వద్దు, ఉద్యోగం గురించి అడగండి, క్రికెట్ గురించి మాట్లాడండి అని గట్టిగా చెప్పింది. అంతకుమించిన సాయం ఎవరూ చేయలేదు.

ఒక దశ దాటాక బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే అంకె) 'మామూలు' అని రాసి ఆస్పత్రి నుంచి పంపేశారు. 1830లలో బెల్జియం గణితవేత్త కెట్లే జనసమూహాల సగటు తీరు తెలుసుకోవడానికి కట్టిన లెక్క అది. దానికి 1972లో ఆ పేరు ఖాయం చేసింది ఆ మిన్నెసోటా కీసే. ఒక్క మనిషి బాగుపడ్డాడా లేదా అన్నది ఆ లెక్క ఒక్కటే చెప్పలేదు. వాన వెలిసినా చెట్టు కురుస్తూనే ఉన్నట్టు, బరువు వచ్చాక కూడా నా కళ్లు చాలాకాలం పాత లెక్కే చూపించాయి. చికిత్స అంకె దగ్గరే ఆగి ఉంటే మళ్లీ వెనక్కి పోయేవాణ్ణని నా నమ్మకం.

ఇప్పుడు ఇంట్లో బరువు తూచే యంత్రం లేదు. చిన్నవైపోయిన బట్టలు ఇచ్చేశాను. డాక్టరు అనుమతించాకే మళ్లీ పరుగు మొదలుపెట్టాను, అదీ గడియారం లేకుండా. దిగులుగా ఉన్న రోజు తొడలు ఇప్పటికీ పెద్దవిగా కనిపిస్తాయి. ఈ రోజు మనసు బాగాలేదన్నమాట అనుకుని వేళకు భోజనానికి కూర్చుంటాను.

ఇది చదువుతున్నవారిలో నాలాంటి కుర్రాళ్లు ఉంటే, డాక్టరు దగ్గర కడుపునొప్పి, నీరసం అని చుట్టూ తిప్పకండి. తినాలంటే భయం వేస్తోందని ఆ మాటే చెప్పండి. నాడి, ఈసీజీ, రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం చూడమని అడగండి. ఈ జబ్బు మగవాళ్లలో టెస్టోస్టెరాన్‌ను తగ్గించి ఎముకలనూ గుల్ల చేస్తుంది. నా వెన్నెముక సాంద్రత ఇంకా పూర్తిగా రాలేదు. దానికోసం వచ్చే నెల మళ్లీ స్కాన్ ఉంది. ఆస్పత్రి గౌను వేసుకుని, ఒళ్లు కనిపిస్తుందన్న భయంతో ఒకప్పుడు వాయిదా వేస్తూ వచ్చిన పరీక్ష అది. ఈసారి తేదీ నేనే ఫోను చేసి తీసుకున్నాను.