నెట్ బిల్లు, పాత బాక్సు, కొన్ని పాయింట్లు

ఇవాళ సగం రోజు ఇంటి నెట్ పనికే పోయింది. పోతే పోయింది, లెక్కలన్నీ తేలాయి కాబట్టి మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నా. ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇదే పని పడుతుంది, అప్పటికి ఈ అంకెల్లో ఒక్కటీ గుర్తుండదు.

సంగతేమిటంటే పాత కంపెనీ కాంట్రాక్టు అయిపోయింది. కొత్త కంపెనీ వాళ్లొచ్చి ఫైబర్ లాగి, హాల్లో బాక్సు బిగించి, కొన్నాళ్లు ఊరికే వాడి చూడండి, నచ్చితే ప్లాన్ కట్టండి అని చెప్పి వెళ్లారు. ఆ గడువు రేపటితో సరి. ప్లాన్ నెలకు 699, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మన చేతి నుంచి పోయేది 825. ఆరు నెలలకు ఒకేసారి కడితే 15 రోజులు అదనం, ఏడాదికి కడితే 30 రోజులు అదనం, పైగా వెయ్యి రూపాయల క్యాష్‌బ్యాక్.

పొద్దున్నే మామయ్య పేపరు మడిచి పక్కన పెట్టి, "ఏమ్మా, ఏడాదికి కట్టేద్దామా? వెయ్యి రూపాయలు వెనక్కి ఇస్తారంట గదా. నా పెన్షన్‌లోంచి ఇస్తాలే" అన్నారు. ఆయన డబ్బు అనేసరికి నాకు ఇంకా జాగ్రత్త పెరిగింది. మామయ్య మనసులో ఇప్పటికీ పాత ధరలే ఉన్నాయి. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్‌లో నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను మూడూ ఇచ్చేవాళ్లు. అక్కడి నుంచి చూసే మనిషికి 825 ఎక్కువే అనిపిస్తుంది, వెయ్యి వెనక్కి వస్తుందంటే ఆశ పుడుతుంది. ఆ ఆశలో తప్పేమీ లేదు. ఆ వెయ్యి ఏ రూపంలో వస్తుందో చూడాలి, అంతే.

నోటు పుస్తకం తీసుకుని కూర్చున్నా. ఆరు నెలలకు 4,949, వాడుకునేది ఆరున్నర నెలలు, నెలకు 761 పడుతుంది. ఏడాదికి 9,898, వాడుకునేది పదమూడు నెలలు, నెలకు మళ్లీ అదే 761. ఇంకోసారి వేసి చూసినా అదే. అంటే ఏడాదికి కట్టినంత మాత్రాన ధర ఒక్క రూపాయి కూడా తగ్గడం లేదు, తేడా అంతా ఆ వెయ్యిలోనే ఉంది. నిబంధనలు తెరిచి ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివితే, వెయ్యి అంటే పది కూపన్లు, ఒక్కోటి వంద, 999 దాటి కొన్నప్పుడల్లా ఒకటి చొప్పున, వాళ్లు చెప్పిన యాప్‌లోనే, 90 రోజుల్లోపే వాడాలి. వెయ్యి మిగలాలంటే మూడు నెలల్లో దాదాపు పది వేల సామాన్లు కొనాలన్నమాట. మా ఇంట్లో సరుకులు వీధి చివర అంగట్లో తెస్తాం, బట్టలు దసరాకే కొనేశాం. ఆ యాప్‌లో రోజూ కొనేవాళ్లకైతే ఏడాది ప్లానే మేలు, నెలకు 700 లోపే పడుతుంది, అది కాదనలేను. మాకు మాత్రం కాదు. ఏ క్యాష్‌బ్యాక్ అయినా ఖాతాలోనో కార్డు స్టేట్‌మెంట్‌లోనో కనబడేదాకా దాన్ని ధరలోంచి తీసెయ్యకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు తేడా తెచ్చింది మా ఆయన క్రెడిట్ కార్డు. అది ఈ నెట్ కంపెనీ, ఒక బ్యాంకు కలిసి ఇచ్చే కార్డు, కంపెనీ యాప్‌లో కడితే 25 శాతం వెనక్కి వస్తుంది. ఆరు నెలల 4,949 మీద 25 శాతం అంటే 1,237 కదా, ఇంకేం కట్టేద్దాం అని మా మరిది అక్కడే లేచి నిలబడ్డాడు. కానీ దానికి నెలకు 250 అని పరిమితి ఉంది. ఆ 250 కూడా నెట్‌కి విడిగా కాదు, మొబైల్ బిల్లుకీ నెట్ బిల్లుకీ కలిపి. మా ఆయన మొబైల్ బిల్లు 449, పన్నుతో 530, దాని మీదే 132 వచ్చేస్తుంది. ఇక నెట్‌కి మిగిలేది నెలకు 118. ఆరు నెలలది ఒకేసారి కడితే ఆ 118 ఒక్కసారే వస్తుంది, నెలకు 743 పడుతుంది. ఏడాదిది ఒకేసారి కడితే 752. అదే నెలనెలా కడితే ప్రతి నెలా 118 వస్తుంది, 707 పడుతుంది. అదనపు రోజులు లేకపోయినా, ఏ కాంట్రాక్టులో ఇరుక్కోకపోయినా, మాకు నెలనెలా కట్టడమే చవక! ఇది తేలగానే మామయ్యకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివి, "అయితే నా డబ్బులు అక్కర్లేదంటావు" అన్నారు. అక్కర్లేదు మామయ్యా, మీ దగ్గరే ఉండనీండి అన్నాను.

కార్డు వార్షిక రుసుం మొబైల్ బిల్లు కోసం ఎలాగూ కడుతున్నాం కాబట్టి ఇందులో కలపలేదు. కొత్తగా కార్డు తీసుకునేవాళ్లు దాన్ని తప్పకుండా కలపాలి. గడువు తేదీకి మొత్తం బిల్లు కట్టలేనివాళ్లు అసలు ఈ జోలికే రాకూడదు, నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే ఏడాదికి 42 శాతం, దాని ముందు ఏ క్యాష్‌బ్యాకూ నిలబడదు.

మధ్యలో మరిది ఒక మంచి ప్రశ్న అడిగాడు. యూపీఐలో కడితే స్క్రాచ్ కార్డులు, కూపన్లే ఎందుకు వస్తాయి వదినా, శాతం లెక్కన ఎందుకు రాదు అని. దానికి కారణం ఉంది. క్రెడిట్ కార్డుతో కడితే దుకాణం దగ్గర బ్యాంకులు కొంత శాతం తీసుకుంటాయి, మనకొచ్చే పాయింట్లు చాలావరకు అందులోంచే వస్తాయి. బ్యాంకు ఖాతా నుంచి చేసే మామూలు యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి ఆ రుసుమే లేదు, కాబట్టి పంచడానికి అక్కడ శాతం అంటూ ఏమీ ఉండదు. ఇంకో మెలిక కూడా ఉంది, బ్యాంకు మన బిల్లును ఏ కోడ్ కింద, అంటే ఏ రకం వ్యాపారం కింద చూస్తుందన్నది. టెలికాం సేవలకు 4814, కేబుల్ టీవీ లాంటివాటికి 4899, కరెంటు నీళ్ల బిల్లులకు 4900. కొన్ని కార్డులు వీటన్నిటినీ యుటిలిటీ అని ఒక్క గాటన కట్టి పాయింట్లు ఇవ్వవు. వీధిలో కేబుల్ అన్న సొంత క్యూఆర్ కోడ్‌కి కడితే అది మనిషికి మనిషి పంపిన డబ్బు కిందే పడుతుంది, పాయింట్ల మాటే ఉండదు. ఎదురింటి ఆంటీ పాయింట్లు రావడం లేదని ఎన్నాళ్లుగానో బాధపడుతోంది, సాయంత్రం వెళ్లి ఇదంతా చెప్పి వచ్చాను.

ఈ లెక్కల మధ్యలో నెట్ ఆగిపోయింది. బాక్సు మీద లాస్ లైటు, అంటే లైన్లో సిగ్నల్ రావడం లేదని చెప్పేది, ఎర్రగా కొట్టుకుంటోంది. మా ఇల్లు తిరుపతిలో కపిలతీర్థం వైపు, కోతులు మేడల మీద నుంచి తీగలు పట్టుకుని ఊగడం మాకు మామూలే. లైన్‌మ్యాన్ తొందరగానే వచ్చాడు, పాపం ఎండలో మేడెక్కి చూసి, తెగిన చోటు దొరికింది అక్కా అన్నాడు. వెంట్రుక మందాన ఉన్న ఆ గాజు పోగును స్పిరిట్‌తో తుడిచి, కొస సమంగా కోసి, చిన్న మిషన్లో రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టాడు. స్క్రీన్ మీద రెండు గీతలు మెల్లగా దగ్గరికి జరిగి ఒకటైపోయాయి, పక్కన 0.02 అని పడింది. అతికిన చోట వెలుతురు నష్టం అంతే అన్నాడు. తర్వాత బాక్సు దగ్గర వెలుతురు బలం కొలిచే మీటరు పెడితే మైనస్ 19 వచ్చింది, మైనస్ 27 కన్నా కిందికి పోతేనే తంటా అట. మేడ మీద గదిలో మరిదికి నెట్ సరిగా రావడం లేదని అడిగితే, లైన్ బాగుంది సార్, శ్లాబు దాటి 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ ఎక్కడం లేదు, పైన ఇంకో రూటరు పెట్టి కింద నుంచి లాన్ కేబుల్ లాగండి, వేరే ప్లాన్ ఏమీ అక్కర్లేదు అన్నాడు. మరిదికి రాత్రుళ్లు ఆఫీసు మీటింగులు, కాబట్టి రూటరు కొనాల్సిందే అని అప్పుడు ఖాయమైంది. అమ్మే మనిషి కాదు, బాగు చేసే మనిషి చెప్పిన మాట కాబట్టి నాకు నమ్మకం కలిగింది. మామయ్య అతనికి మజ్జిగ ఇచ్చి, "జాగ్రత్తగా దిగు సామీ" అంటూ నిచ్చెన పట్టుకున్నారు.

మధ్యాహ్నం నేనూ మామయ్యా పాత కంపెనీ ఆఫీసుకి వెళ్లాం. పాత బాక్సు, అడాప్టరు రెండూ సంచిలో పెట్టుకుని ఆటోలో. ఎందుకంటే చేరినప్పుడు కట్టిన 1,500 డిపాజిట్ వాళ్ల దగ్గరే ఉంది. కౌంటర్లో అబ్బాయి ముందు అది తిరిగి రాదన్నాడు, తర్వాత ఆ మొత్తానికి కొత్త ప్లాన్ ఇస్తాం అన్నాడు. మామయ్య ఏమీ వాదించలేదు. ఇంటి పన్ను రసీదులతో కలిపి ప్లాస్టిక్ కవర్లో దాచిన కాగితం తీసి కౌంటర్ మీద పెట్టారు. తిరిగి ఇవ్వదగిన డిపాజిట్ అని అందులో స్పష్టంగా ఉంది. అబ్బాయి లోపలికి వెళ్లి వచ్చి బ్యాంకు ఖాతా వివరాలు రాసుకున్నాడు. బాక్సు సీరియల్ నంబరు వేసి, అడాప్టరు కూడా ముట్టినట్టు రాయించి, సంతకం, ముద్ర తీసుకుని, అక్కడే ఫోటో తీసుకున్నాను. 30 రోజుల్లో వేస్తాం అన్నారు. నెలకు 118 చొప్పున ఏడాది పొడుగునా కూడబెట్టినా 1,416, ఈ ఒక్క కాగితం 1,500. మామయ్య కాగితాలు దాచే అలవాటు ఈ ఇంటికి ఎంత అండో ఇవాళ కళ్లారా చూశాను, ఆ మాట ఆయనతోనే అన్నాను, నవ్వి ఊరుకున్నారు.

రూటరు సంగతి త్వరగానే తేలింది. దీపావళి సేల్ నడుస్తోంది, డ్యూయల్ బ్యాండ్‌ది 2,499. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుంటే ప్రైమ్ సభ్యులకు 5 శాతం, అంటే 125. మరిది దగ్గరున్న వేరే బ్యాంకు కార్డుకి అప్పటికప్పుడే 10 శాతం తగ్గింపు, అంటే 250. రెండూ కలిసి రావు, తర్వాత వచ్చే 125 కన్నా ఇప్పుడే తగ్గే 250 నయం. వడ్డీ లేని ఈఎంఐ పెట్టుకోమని తెర మీద పైకి వస్తూనే ఉంది, కానీ దానికి ప్రాసెసింగ్ రుసుం 199, జీఎస్టీతో 235, తగ్గింపు దాదాపు మొత్తం అందులోనే కరిగిపోతుంది. వద్దని ఒకేసారి కట్టేశాం. క్యాష్‌బ్యాక్ సైట్ల ద్వారా వెళ్తే ఇంకొంచెం వస్తుందని మరిది అన్నాడు. వాళ్లకు దుకాణం ఇచ్చే కమీషన్‌లో మనకు కొంత పంచుతారు, వస్తువు వెనక్కిచ్చే గడువు దాటేదాకా అది పెండింగ్‌లోనే ఉంటుంది, వేరే కూపన్ వాడితే చాలాసార్లు రాదు. ఈసారికి వదిలేశాం.

అదే ఊపులో మరిది కార్డు పాయింట్లు కూడా చూశాం. 3,200 ఉన్నాయి. నాలుగు పాయింట్లకు ఒక రూపాయి, అంటే 800. తీసుకున్న ప్రతిసారీ 99 రూపాయల రుసుం, పన్నుతో 117. విడతలుగా తీస్తే ప్రతి విడతకూ 117 పోతుంది కాబట్టి ఒక్కసారే మొత్తం బిల్లులోకి సర్దమన్నాను. 683 మిగిలాయి. లాన్ కేబుల్, దాన్ని గోడకు కొట్టే క్లిప్పులు అందులోనే వచ్చేస్తాయి.

రాత్రి అన్నాలప్పుడు అత్తమ్మ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ రివార్డు పాయింట్లు 9,850 ఈ రాత్రితో ముగుస్తాయి, ఈ లింకు నొక్కండి అని. పొద్దుటి నుంచి ఇంట్లో పాయింట్ల మాటలే వింటోంది కదా, "మనవేమో చూడమ్మా" అని ఫోన్ నాకిచ్చింది. అత్తమ్మకు క్రెడిట్ కార్డే లేదు. లింకు కింద ఏదో ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించేది, దాన్ని ఎక్కించుకుంటే ఫోనే వాళ్ల చేతుల్లోకి పోతుంది. నాకు నిజంగా కోపం వచ్చింది, పెద్దవాళ్ల ఆశ మీద కొట్టే దెబ్బ ఇది. మెసేజ్ చెరిపేసి, డబ్బు రావడానికి పిన్ను, ఓటీపీ ఎప్పుడూ అక్కర్లేదత్తమ్మా అని మళ్లీ చెప్పాను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరు అత్తమ్మ, మామయ్య ఇద్దరి ఫోన్లలోనూ సేవ్ చేశాను, ఇలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా ఫోన్ చేయాల్సింది దానికే.

వంటింట్లో దేవస్థానం క్యాలెండర్ మీద రెండు తేదీలు చుట్టి పెట్టాను. ఒకటి కార్డు స్టేట్‌మెంట్ వచ్చే రోజు, 118 పడిందో లేదో చూడాలి. రెండోది డిపాజిట్ గడువు. ఆ రోజుకి 1,500 రాకపోతే ముద్ర వేసిన కాగితం ముందు పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తాను, మామయ్య కూడా పక్కనే కూర్చుంటానన్నారు.