బస్తీ దాకా రావలసిన గ్రంథాలయం

ఆస్తి పన్ను రసీదును చివరిదాకా చదివే అలవాటు మనలో చాలామందికి లేదు గాని, చదివితే అందులో గ్రంథాలయ పన్ను అనే ఒక చిన్న పద్దు కనిపిస్తుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టాన్ని అనుసరించి స్థానిక సంస్థలు ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున ఈ పన్ను వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. అంటే 3,000 రూపాయల పన్ను కట్టే ఇంటి నుంచి 240 రూపాయలు గ్రంథాలయానికి వెళ్లాలన్నమాట. వసూలైన సొమ్ము సకాలంలో సంస్థలకు చేరడం లేదనీ, బకాయిలు ఏటికేడు పేరుకుపోతున్నాయనీ గ్రంథాలయోద్యోగులు చాలాకాలంగా మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఆ బకాయిలు రాబట్టవలసిందే. అయితే నేనిక్కడ అడగదలచుకున్నది వేరు: వచ్చిన కాస్త డబ్బయినా ఎవరి ఇంటి దగ్గర ఖర్చవుతోంది?

హైదరాబాదులో గ్రంథాలయం అనగానే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం గుర్తుకు వస్తాయి. మొదటిది 1891లో ఆసఫియా పేరుతో ప్రారంభమైన పాత సంస్థ. రెండవది గ్రూప్స్ మొదలైన ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవారితో రోజంతా కిటకిటలాడుతూ ఉంటుంది. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, సొంత కోచింగ్ పుస్తకాలతో వచ్చి కూర్చునే ఆ అభ్యర్థులను చూసి, గ్రంథాలయాన్ని స్టడీ హాలు చేసేశారని విసుక్కునే పెద్దమనుషులతో నేను ఏకీభవించను. ఒక్క గదిలో ఐదుగురు సర్దుకునే ఇంటి నుంచి వచ్చినవారికి కుర్చీ, బల్ల, వెలుతురు, ఫ్యాను ఇవ్వడం కూడా గ్రంథాలయ సేవే. అయితే అక్కడిదాకా రాగలిగేది బస్సెక్కి వెళ్లే వయసు, రోజంతా కూర్చునే తీరిక ఉన్నవారు మాత్రమే. నాలా పక్క బస్తీలో ఉండే తొమ్మిదేళ్ల పిల్ల అక్కడికి రాదు. నాలుగిళ్లలో పనిచేసి పొద్దుగూకాక ఇల్లు చేరే ఆ పిల్ల తల్లి అసలే రాదు.

మరి శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి కదా అనవచ్చు. నేను తరచుగా వెళ్లే ఒక శాఖ ఇలా ఉంటుంది: రెండు గదులు, ముందు గదిలో పొడవాటి బల్ల, దాని మీద మధ్యాహ్నానికే నలిగిపోయిన దినపత్రికలు, చుట్టూ పదవీ విరమణ చేసిన పెద్దలు. లోపలి గదిలో గోడల వెంట ఇనుప బీరువాలు వరుసగా ఉంటాయి. అద్దాల వెనుక పుస్తకాల వెన్నులు కనిపిస్తాయి, తలుపులకు తాళాలు వేసి ఉంటాయి. ఫలానా పుస్తకం కావాలని అడిగితే తాళం తీసి ఇస్తారు, ఆ మాటకు వస్తే మర్యాదగానే ఇస్తారు. కాని ఏది కావాలో ముందే తెలియని పిల్లలు ఏమని అడుగుతారు? ఇంటికి తీసుకువెళ్లాలంటే సభ్యత్వం, దానికి డిపాజిట్టు, చిరునామా ధ్రువపత్రం కావాలి. కిరాయి ఇంట్లో ఉంటూ ఆరు నెలలకొకసారి ఇల్లు మారే కుటుంబం ఏ చిరునామా చూపిస్తుంది?

ఈ తాళాల వెనుక ఉన్నది గ్రంథాలయాధికారి మొండితనం అనుకుంటే పొరపాటు. తనిఖీలో పుస్తకం తగ్గితే జవాబు చెప్పుకోవలసింది తానే అన్న భయం ఆయనది. ఈ విషయంలో కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి ఎంతో నయం. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన వేయి పుస్తకాలకు 5 పోవడం సహజ నష్టమేననీ, అందులో నిర్లక్ష్యం గాని అక్రమం గాని లేకపోతే దానిని మామూలుగానే పరిగణించవచ్చుననీ ఆ నియమం చెబుతుంది. అది కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే నియమమే కావచ్చు. అయినా అటువంటి వెసులుబాటును, బస్తీ గ్రంథాలయాలకైతే ఇంకాస్త ఉదారంగా, లిఖితపూర్వకంగా ఇస్తే తప్ప ఏ ఉద్యోగీ బీరువా తాళం తీసి పక్కన పెట్టడు. పిల్లల పుస్తకం నలగకుండా పదేళ్లు బీరువాలో ఉందంటే దానికి పెట్టిన డబ్బంతా వృథా అయినట్టే లెక్క.

పాఠకుడు రాలేని చోటికి పుస్తకమే వెళ్లడం తెలుగునాట కొత్త సంగతి కాదు. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారి తరం పుస్తకాలను ఊరూరా తిప్పింది. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద బోటు గ్రంథాలయం నడిచింది. జనం పడవల్లో ప్రయాణిస్తున్నారు కనుక పుస్తకాలను పడవ ఎక్కించారు, అంతే. ఇటీవలి ఉదాహరణ కావాలంటే వైద్యరంగంలో ఉంది. 2018 నుంచి హైదరాబాదులో బస్తీ దవాఖానాలు తెరవడం మొదలుపెట్టినప్పుడు పెద్ద భవనాల కోసం ఎదురుచూడలేదు. చాలాచోట్ల ఉన్న కమ్యూనిటీ హాళ్లనే సర్ది, ఒక డాక్టరును, ఒక నర్సును కూర్చోబెట్టి పని ప్రారంభించారు. జ్వరానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో మందులు ఉండాలని ఒప్పుకున్న నగరం, పుస్తకం విషయంలో మాత్రం రెండు బస్సులు మారి వెళ్లమనడం ఏం న్యాయం?

దవాఖానాలుగా మారని కమ్యూనిటీ హాళ్లు చాలా వరకు పెళ్లిళ్లకు, సమావేశాలకు తప్ప తలుపు తీయరు. అందులో ఒక మూల గది, తాళాల్లేని అరలు, ఐదారు వందల పుస్తకాలు, కింద కూర్చోవడానికి ఒక జంపఖానా ఉంటే చాలు. గ్రంథాలయ సంస్థలకు పుస్తక నిక్షిప్త కేంద్రాల పద్ధతి, అంటే కొన్ని పుస్తకాలను వేరొక చోట ఉంచి అక్కడి నుంచే పాఠకులకు ఇచ్చే ఏర్పాటు, ఎప్పటి నుంచో ఉంది కనుక కొత్త చట్టం అక్కరలేదు. కేంద్రం నడపడానికి ఆ బస్తీ మహిళా సంఘంలోనే చదువుకున్న ఒక అమ్మాయిని తీసుకోవచ్చు. ఏ పుస్తకం ఎవరి ఇంట్లో ఉందో ఆమెకు తెలిసినట్టు ఏ రిజిస్టరుకూ తెలియదు. అయితే ఆమెకిచ్చే గౌరవ వేతనం పేరుకు మాత్రమే ఉంటే రెండో నెలలోనే తలుపు మూతపడుతుంది. వేళలు సాయంత్రం 5 నుంచి 9 దాకా ఉండాలి, ఆదివారం తప్పనిసరిగా తెరవాలి. ఆడపిల్లలు వచ్చి కూర్చోవాలంటే మరుగుదొడ్డి ఉండాలి; దీనిని చివరి వాయిదాకు నెట్టే ప్రణాళిక ఏదీ నాకు నమ్మకం కలిగించదు.

పుస్తకాల ఎంపిక అన్నింటికన్నా కష్టమైన పని. పాతబస్తీలో ఉర్దూ లేకుండా అరలు నింపితే అక్కడి పిల్లలకు అది ఇంకొక ప్రభుత్వ కార్యాలయం మాత్రమే. భవన నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబాలుండే చోట హిందీ, ఒడియా కావాలి. ఇంగ్లిష్ మీడియం బడిలో చేరి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఒకే పుటలో రెండు భాషలూ ఉన్న పల్చని బొమ్మల పుస్తకాలు ఎక్కువగా పనికివస్తాయి. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థల పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులోని కథలనైతే ఎవరైనా ఉచితంగా అచ్చు వేసుకోవచ్చు. ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు విరాళంగా ఇచ్చే పాత గైడ్లను, ఎవరూ చదవని సావనీర్లను మాత్రం మర్యాదగా వద్దనాలి.

ప్రయోగానికి నగరపాలక సంస్థ సర్కిల్ ఒక దానిలో పది బస్తీలు చాలు. ఏడాది చివర ఎన్ని కేంద్రాలు ప్రారంభించామన్న లెక్కకు బదులు, ఏ భాషలో ఎన్ని పుస్తకాలు ఇళ్లకు వెళ్లాయి, ఏవి అరలు దిగనే లేదు, ఎన్ని పోయాయి అన్న మూడు అంకెలను గ్రంథాలయ సంస్థ ప్రతి కేంద్రం గోడ మీదా రాయించాలి. మరుసటి ఏడాది పుస్తకాల కొనుగోలు ఆ గోడను చూసి జరగాలి.