ముద్దమందారానికి కుండీ మార్చాను

మా అత్తయ్య ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఒక కొమ్మ విరిచి నా చేతిలో పెట్టారు. ఆ ముద్దమందారమే నాలుగేళ్ళుగా విజయవాడలో మా డాబా మీద, 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీలో ఉంటోంది. ఈ ఎండాకాలం దాన్ని చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఆకులు పసుపెక్కాయి, మొగ్గలు విచ్చకుండానే రాలాయి, కణుపుల్లో దూది అంటించినట్టు పిండినల్లి పురుగు.

రెండు నెలలు వేపనూనె కొడుతూనే ఉన్నాను. నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. నీళ్ళు పోస్తే పోసినవి పోసినట్టే అడుగు కంతలోంచి కారిపోయేవి. మట్టి గుల్లగా ఉందని సంతోషించాను. అక్కడే పొరబడ్డాను.

రోహిణి కార్తె ఎండలో వేళ్ళు కదిలించడం మంచిది కాదని ఆగి, మృగశిరలో రెండు వానలు పడ్డాక ఒక సాయంత్రం కుండీ బోర్లించాను. గడ్డ మొత్తం కుండీ ఆకారంలోనే ఊడివచ్చింది. చుట్టకుదురులా వేళ్ళు ఒకదాని మీద ఒకటి చుట్టుకుపోయి ఉన్నాయి. మట్టి పేరుకే ఉంది. ముందురోజు నీళ్ళు పోసినా లోపల వేలు పెడితే పొడిపొడిగా తగిలింది. నీళ్ళన్నీ అంచు వెంబడి జారిపోతున్నాయన్నమాట. అంత దాహంతో ఉన్న చెట్టు పురుగును ఏం తట్టుకుంటుంది?

పుల్లతో మెల్లగా వేళ్ళ చిక్కు విడదీసి, బయట చుట్టుకున్నవి కత్తిరించాను. తగ్గిన వేళ్ళు అంత చెట్టును మోయలేవు కాబట్టి కొమ్మలు కూడా మూడో వంతు తీసేసి, పురుగు పాకకుండా కవర్లో మూటగట్టి పారేశాను. 16 అంగుళాల కుండీలో రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు తడిపిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), గుప్పెడు వేపపిండి కలిపి నాటాను.

పిండినల్లి ఒంటి మీద మైనం పూత ఉంటుంది, నూనె సులువుగా అంటదు. అందుకే ముందు పాత టూత్‌బ్రష్‌ను కుంకుడు రసంలో ముంచి ఒక్కో కణుపూ రుద్దాను. తర్వాత లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చెంచాల కుంకుడు రసం పోసి పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టాను. కుంకుడు లేకపోతే నూనె పైకి తేలిపోతుంది. ముందు రెండు ఆకుల మీద చూసుకుని, ఎండ పోయాక ఆకుల అడుగున తడిసేలా కొట్టాను. గుడ్లు పగిలి మళ్ళీ పిల్లలు వస్తాయి కాబట్టి వారానికోసారి, మూడు వారాలు.

చీమల సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పిండినల్లి వదిలే తీపి బంక కోసం చీమలు దాన్ని కాపాడతాయి, తినడానికి వచ్చే అక్షింతల పురుగులను తరిమేస్తాయి. ఇప్పుడు ఇనుప స్టాండు కాళ్ళు నీళ్ళ డబ్బాల్లో ఉన్నాయి. దోమలు చేరకుండా రోజు మార్చి రోజు ఆ నీళ్ళు పారబోస్తాను.

మొదటి వారం మెట్ల కింద నీడలో ఉంచితే ఉన్న ఆకులు కూడా రాలి, నాకు ఒకటే టెన్షన్. ఫోన్లో అత్తయ్యకు చూపిస్తే, "కొమ్మను గోటితో కాస్త గీరి చూడమ్మాయ్, లోపల పచ్చగా ఉందా?" అన్నారు. పచ్చగానే ఉంది. పద్దెనిమిదో రోజున కత్తిరించిన చోటికి కాస్త కింద, గోరంత లేత చిగురు.

పక్కన కరివేపాకు కుండీలోనూ నీళ్ళు అలాగే కారిపోతున్నాయి. దాని కోసం పెద్ద కుండీ కడిగి ఆరబెట్టాను. వాన తెరిపి ఇవ్వగానే మారుస్తాను.